ముందుగా అందరినీ అడగండి

నెహెమ్యా గ్రంథము 7వ అధ్యాయములో ఒక చిక్కు కనబడుతుంది. యెరూషలేము ప్రాకారము పూర్తయింది, కానీ పట్టణము పెద్దది, కాపురమున్నవారు కొద్దిమంది. 11వ అధ్యాయానికి వస్తే, ప్రజలు చీట్లు వేసుకొని పదిమందిలో ఒకరు అక్కడ కాపురముండుటకు ఏర్పాటు చేసుకున్నారు. గోడలు ఉంటే చాలదు, మనుషులు కావాలి.

ఇదే చిక్కు నేడు అమెరికా దక్షిణ రాష్ట్రములలోని చిన్న ఊళ్ల యూదులకు ఎదురైంది. 19వ శతాబ్దములో యూదు వర్తకులు పత్తి వ్యాపారము సాగే పట్టణములలో దుకాణములు పెట్టుకున్నారు, సమాజమందిరములు కట్టుకున్నారు. వారి సంతానము పెద్ద చదువులు చదివి అట్లాంటా, హ్యూస్టన్ వంటి నగరములలో స్థిరపడింది. వృద్ధులు మిగిలారు. యూదుల ఆచారము చొప్పున సామూహిక ప్రార్థనకు కనీసం పదిమంది పెద్దవారు ఉండాలి. చనిపోయిన తల్లిదండ్రుల కొరకు చేసే ప్రార్థనకు కూడా ఆ పదిమంది కావాలి. పదవ మనిషి రాకపోతే ఆ కుమారుని బాధ ఎంతటిదో ఆలోచించండి!

మరి ఏమి చేయాలి? రెండు ఊళ్లను చూడండి. అలబామా రాష్ట్రములోని డోథన్‌లో 2008లో ఒక పథకము ప్రకటించారు. అక్కడికి వచ్చి స్థిరపడే యూదు కుటుంబమునకు 50,000 డాలర్ల వరకు సహాయము ఇస్తామన్నారు. కొన్ని కుటుంబాలు వచ్చాయి. వాటిలో కొన్ని తరువాత వెళ్లిపోయాయి. మిసిసిపీ రాష్ట్రములోని నాచెజ్ సమాజము మరొక దారి తీసుకుంది. తాము కొద్దిమందే మిగిలామని గ్రహించి, సమాజమందిరము పాడుబడకుండునట్లు 1990లలో ఒక యూదు మ్యూజియముతో ఒప్పందము చేసుకుంది. ఒకరు పెరగాలని చూశారు, మరొకరు గౌరవముగా అప్పగించాలని చూశారు. రెండూ ప్రణాళికలే.

అయితే ఏ దారి మనదో ఎవరు చెప్పాలి? కమిటీలోని నలుగురు మాత్రమే కాదు. జూయిష్ కమ్యూనిటీ లెగసీ ప్రాజెక్ట్ అనే సంస్థ ఇలాంటి చిన్న సమాజములు తమ భవిష్యత్తును గూర్చి ఆలోచించుకొనుటకు తోడ్పడుతోంది. అక్కడ తేలవలసిన ప్రశ్నలు సూటియైనవి. ఆరాధన ఎవరు నడిపిస్తారు? సమాధుల తోటను ఎవరు చూస్తారు? చేతితో వ్రాసిన ధర్మశాస్త్రపు చుట్ట ఎవరికి చేరాలి? మందిరము, నిధి ఎవరి పరము చేయాలి?

ఈ ప్రశ్నలు ఎవరిని అడగాలో గమనించండి. కూటమునకు రాలేని వృద్ధురాలిని ఆమె ఇంటికే వెళ్లి అడగాలి. అన్యులను పెండ్లాడినవారిని, వారి పిల్లలను అడగాలి. ఊరు విడిచినవారిని కూడా అడగాలి, ఎందుకంటే వారి తల్లిదండ్రుల సమాధులు ఇంకా ఆ ఊరిలోనే ఉన్నాయి. యౌవనస్థులను పెద్దల ఎదుట కాక వేరుగా అడిగితే మనసు విప్పుతారు. చెప్పినదంతా వ్రాసిపెట్టి, తిరిగి అందరికీ చదివి వినిపించాలి. వినిపించకపోతే రెండవసారి ఎవరూ నోరు తెరవరు.

ఇంకొక మాట. పదిమంది ఉండగానే అడగాలి. ఇద్దరు మిగిలాక అడిగితే, నిర్ణయము బయటివారి చేతిలోనికి పోతుంది. ఆ చుట్టను ఎవరు మోసుకువెళ్తారో, ఆ సమాధుల మీద గడ్డి ఎవరు తీస్తారో తెలియకుండా పోతుంది.

ప్రియులారా, పిల్లలు పట్నములకు, విదేశములకు వెళ్లిన ఊళ్లు మనకూ ఉన్నాయి. మీ సంఘములో ఇంతవరకు ఎవరూ అడగనివారు ఎవరు? ఈ వారమే వారి గుమ్మము తొక్కండి. దేవుడు మిమ్మును దీవించును గాక.