తుపాకులు ఆగిన పండుగ

మహాభారతంలో ద్రోణపర్వం చదివినవారికి, హరికథలో విన్నవారికి ఒక రాత్రి జ్ఞాపకముంటుంది. పదునాలుగవనాటి యుద్ధం పొద్దుగుంకినా ఆగలేదు. దివిటీలు వెలిగించుకొని పోరాడారు. ఘటోత్కచుడు పడిపోయాడు. నిద్రతో సైనికుల కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎవరు తనవాడో ఎవరు పగవాడో తెలియడంలేదు. అప్పుడు అర్జునుడు, చంద్రుడు ఉదయించేదాకా ఎక్కడివారక్కడే నిద్రపొండని బిగ్గరగా చెప్పాడు. కౌరవసేన కూడా ఆ మాటకు సంతోషించి అతణ్ణి దీవించింది. ఏనుగుల మీద, గుర్రాల మీద, రథాలలో, వట్టి నేలమీద రెండు సేనలూ నిద్రపోయాయి. చంద్రుడు వచ్చాడు. లేచి మళ్ళీ చంపుకొన్నారు.

అది పురాణం. ఇటువంటిదే చరిత్రలో, మన తాతలు బతికివున్న కాలంలోనే, ఐరోపాలో జరిగింది. 1914 డిసెంబరులో క్రిస్మస్ పండుగనాడు బ్రిటిషు, జర్మను సైనికులు చాలాచోట్ల తమంతట తామే తుపాకులు దించి కలుసుకొన్నారు. దీనినిగూర్చి సినిమాలు వచ్చాయి, పాటలు వచ్చాయి, చివరకు దుకాణాల ప్రకటనలు కూడా వచ్చాయి. అందుచేత చాలామందికి ఈ కథ తెలిసినట్లే ఉంటుంది. తెలిసిన కథలో ఎంత జరిగింది, ఎంత తెరమీద చేరింది, తెరమీదికి రాకుండా ఏది మిగిలిపోయింది అన్నది ఇక్కడ కొంత విప్పి చెప్పుకొందాము.

1914 ఆగస్టులో మొదలైన యుద్ధం నెలలలో ముగుస్తుందని రెండు పక్షాలవారూ నమ్మారు. ముగియలేదు. శీతకాలం వచ్చేసరికి స్విట్జర్లండు సరిహద్దునుండి ఉత్తర సముద్రందాకా సైనికులు నేలను తవ్వి కందకాలలో దాగి కూర్చున్నారు. బెల్జియం, ఉత్తర ఫ్రాన్సు భాగాలలో బ్రిటిషు కందకానికి జర్మను కందకానికి నడుమ కొన్నిచోట్ల నూరు గజాలైనా లేదు. ఇది మరువరాని సంగతి. నూరు గజాల దూరంలో మనిషి దగ్గితే వినబడుతుంది. వంట వాసన వస్తుంది. పైగా యుద్ధానికి ముందు ఎందరో జర్మనులు లండనులో హోటళ్ళలో సర్వరులుగా, మంగళ్ళుగా పనిచేసి ఇంగ్లీషు నేర్చుకొని వెళ్ళినవారే. డిసెంబరు మొదటనే ఇటునుండి అటు, అటునుండి ఇటు కేకలు, ఎగతాళి మాటలు సాగుతున్నాయి. వాన పడి కందకాలలో మోకాలిలోతు నీళ్ళు నిలిస్తే ఇరువర్గాలూ ఒకే తీరుగా తిట్టుకొంటూ తోడుకొన్నారు. చలి, బురద, పేలు ఇరువైపులా ఒక్కటే. ఈ పరిచయాన్ని కనిపెట్టే బ్రిటిషు సేనాని స్మిత్ డోరియన్ డిసెంబరు 5ననే శత్రువుతో ఏ విధమైన స్నేహమూ కూడదని హెచ్చరిక పంపాడు. 7వ తేదీన పోపు పదిహేనవ బెనెడిక్టు పండుగకైనా యుద్ధం ఆపండని ప్రభుత్వాలను వేడుకొన్నాడు. ప్రభుత్వాలు వినలేదు.

డిసెంబరు 24 రాత్రి వాన ఆగి, మంచు పట్టి, నేల గట్టిపడింది. జర్మనులు కందకం గట్టుమీద చిన్న చిన్న క్రిస్మస్ చెట్లు నిలిపి వాటికి కొవ్వొత్తులు వెలిగించారు. స్టిల్లె నాఖ్ట్ అనే భక్తిగీతం పాడారు. ఇవతలివారు మొదట ఇదేదో మోసమని తుపాకులు ఎత్తిపట్టుకొన్నారు. తరువాత చప్పట్లు కొట్టి తమ పాటలు తాము పాడారు. తెల్లవారాక ఎవరో ఒకడు చేతులు పైకెత్తి, ఆయుధం లేదని చూపుతూ ముళ్ళతీగ దాటి నడిచాడు. ఒక్కొక్కచోట ఒక్కొక్కడు. అటువంటివారిలో చాలామంది పేర్లు మనకు తెలియవు.

మొదట వారు చేసిన పని ఆటా పాటా కాదు. నడిమి నేలలో వారాల తరబడి పడివున్న శవాలను పూడ్చిపెట్టడం.

సినిమాలు చూసినవారు ఈ సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగాలని నా మనవి. తనతో ఒకే పాత్రలో తిన్న స్నేహితుడు ఎనభై గజాల దూరంలో పడివున్నాడు. రోజూ కనిపిస్తున్నాడు. తెచ్చుకోవడానికి వీలులేదు, తల ఎత్తితే గుండు వస్తుంది. అంత్యక్రియలు జరగని చావు ఎంత బాధో మనవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. పడవ ఎక్కి వచ్చిన మన ముత్తాతల ఇండ్లలో ఆ బాధ ఎరుగనివి తక్కువ. విరామం కావాలని సైనికులు కోరడానికి పాటకంటె ముందు ఈ శవాలు కారణం. ఫ్లర్‌బే అనే ఊరి దగ్గర గోర్డన్ హైలాండర్ల ఆరవ పటాలం పాదిరి ఎస్సెల్మాంట్ ఆడమ్స్ ఇరుపక్షాల మృతులకు ఉమ్మడిగా అంత్యప్రార్థన జరిపించాడు. బైబిలులోని 23వ కీర్తనను ఇంగ్లీషులో చదివారు. దానినే మతవిద్య చదువుతున్న ఒక జర్మను యువకుడు తన భాషలో చదివాడు. ఇటు ఒక వరుస, అటు ఒక వరుస, అందరూ టోపీలు తీసి నిలబడ్డారు.

ఆ తరువాతనే ఇచ్చిపుచ్చుకోవడాలు. పొగాకు, చుట్టలు, డబ్బా మాంసం, కోటు గుండీలు చేతులు మారాయి. మన దీవిలో దీపావళికి ఇరుగుపొరుగు ఇండ్లకు పళ్ళెంలో గాతోలు పంపుతాము గదా, పండుగ తమది కాదని ఎవరైనా తిప్పి పంపుతారా? సరిగా ఆ తీరే. తరువాత వ్యంగ్య చిత్రకారుడుగా పేరు పొందిన బ్రూస్ బేర్న్స్‌ఫాదర్ అప్పుడు బెల్జియంలో ఒక మరతుపాకి దళానికి అధికారి. ఒక జర్మను అధికారి కోటునుండి తాను గుండీలు కత్తిరించి తీసికొన్న సంగతి వ్రాసుకొన్నాడు. తన దళంలోనివాడే ఒకడు, ఇంటిదగ్గర కొంత మంగలిపని తెలిసినవాడు, మోకాళ్ళమీద వంగి కూర్చున్న జర్మనుకు జుట్టు కత్తిరించడం కూడా చూశాడు. మెడ వెనుక కత్తెర ఆడుతుంటే ఆ జర్మను కదలకుండా కూర్చున్నాడట.

ఫ్రెలింగియన్ దగ్గర జర్మనులు అక్కడి సారాబట్టీనుండి రెండు పీపాల బీరు దొర్లించుకొంటూ వచ్చి వెల్ష్ పటాలానికి ఇచ్చారు. బదులుగా వీరు పండుగ పుడ్డింగులు ఇచ్చారు. మరునాడు ఉదయం ఎనిమిదిన్నరకు ఆ పటాలం కాప్టెన్ స్టాక్‌వెల్ ఆకాశంలోకి మూడుసార్లు పేల్చి, శుభాకాంక్షలు వ్రాసిన గుడ్డను గట్టుమీద ఎత్తాడు. అవతలి కాప్టెను కృతజ్ఞతలు వ్రాసిన దుప్పటి ఎత్తాడు. ఇద్దరూ గట్టెక్కి వంగి నమస్కరించుకొని దిగిపోయారు. జర్మను రెండుసార్లు గాలిలోకి పేల్చాడు. యుద్ధం మళ్ళీ మొదలైంది.

ఫుట్‌బాల్ సంగతి అందరూ అడుగుతారు. అక్కడక్కడ బంతిని, బంతి లేనిచోట డబ్బాను, కొందరు తన్నుకొన్నమాట నిజమే కావచ్చు. గెలుపు ఓటముల లెక్కతో సహా చెప్పిన జర్మను అధికారి కూడా ఉన్నాడు. కాని రెండు జట్లు కట్టి సక్రమంగా ఆడిన పోటీని చాలామంది చరిత్రకారులు నమ్మరు. బాంబులు పడి గుంటలైన నేలమీద, నిన్ననే శవాలు ఎత్తిన చోట, అంత పెద్ద ఆట ఎలా సాగుతుంది?

లక్షమంది వరకు ఏదో ఒక రీతిగా ఇందులో పాల్గొన్నారని అంచనా. ఐనా అంతటా ఇలా జరగలేదు. ఆనాడే తుపాకి దెబ్బకు చచ్చినవారూ ఉన్నారు. ఫ్రెంచివారు, బెల్జియంవారు తక్కువగా కలిశారు. అది సహజం. పోయింది వారి ఊళ్ళు, వారి పొలాలు. అతిథిగా వచ్చి పోరాడేవాడికి ఉన్నంత తీరిక, తన ఇల్లు పరాయివాడి చేతిలో పడినవాడికి ఉండదు.

ఇక మనకు దగ్గరి సంగతి. ఆ కందకాలలో హిందూదేశపు సైనికులు ఉన్నారు. లాహోరు, మీరట్ డివిజనులు 1914 శరత్కాలంలో మార్సెయి రేవులో దిగి, చలిబట్టలు కూడా సరిగా అందకముందే ముందువరుసకు పోయాయి. హిమాలయ ప్రాంతంనుండి వచ్చిన 39వ గఢ్వాల్ రైఫిల్సు క్రిస్మస్‌నాడు నవ్ షాపెల్ ప్రాంతంలో కందకాలలోనే ఉంది. ఆ పటాలంవారు కూడా నడిమి నేలకు వెళ్ళి జర్మనులను కలుసుకొన్నట్లు వారి బ్రిటిషు అధికారులు ఇంటికి వ్రాసిన ఉత్తరాలవల్ల తెలుస్తుంది. ఇంగ్లండు రాకుమారి మేరీ పేర సైనికులకు పంచిన ఇత్తడి పెట్టెలో బ్రిటిషువారికి పొగాకు ఉంటే, హిందూదేశపు సైనికుల పంపకంలో కలకండ, మసాలా దినుసుల డబ్బా ఉన్నాయి. క్రిస్మస్ వారి పండుగ కాదు. యుద్ధమూ వారిది కాదు. ఐనా కలుసుకోవడానికి వారికి ఏ అడ్డూ కనిపించలేదు.

లండనులో 1915 జనవరి 8న డెయిలీ మిర్రర్ పత్రిక ఈ కలయిక ఫోటోను మొదటి పుటలో వేసింది. ఫ్రాన్సులో మాత్రం వార్తను తొక్కిపెట్టారు. సేనానులకు కోపం వచ్చింది గాని, 1914 విరామానికి గాను బ్రిటిషు సేనలో ఎవరినీ విచారణకు ఈడ్వలేదు. జాగ్రత్త తరువాత పడ్డారు. 1915 క్రిస్మస్‌కు శవాలు పూడ్చుకోవడానికి కొద్దిసేపు విరామం ఒప్పుకొన్నందుకు కాప్టెన్ ఇయన్ కొల్హూన్ సైనిక న్యాయస్థానం ముందు నిలబడవలసి వచ్చింది. మందలింపుతో బయటపడ్డాడు.

ఇక సినిమాలు. 1969లో రిచర్డ్ ఆటెన్‌బరో తీసిన మొదటి చిత్రం, ఓహ్ వాట్ ఎ లవ్లీ వార్, ఈ ఘట్టాన్ని ఆనాటి పాటల నడుమ చూపింది. ఈయనే తరువాత 1982లో గాంధీ తీశాడు. 1983లో గాయకుడు పాల్ మెకార్ట్నీ తన పైప్స్ ఆఫ్ పీస్ పాట చిత్రంలో బ్రిటిషు సైనికుడూ తానే, జర్మనూ తానే అయి నటించాడు. 1992లో వచ్చిన ఎ మిడ్‌నైట్ క్లియర్ రెండవ ప్రపంచయుద్ధపు కథ. 1944 శీతకాలంలో ఆర్డెన్ అడవిలో అమెరికను, జర్మను సైనికులు మంచు ఉండలు విసురుకొని, చెట్టుచుట్టూ పాడుకొని, తీరా లొంగిపోవడానికి ఏర్పాటు చేసికొంటే అది రక్తపాతంగా ముగుస్తుంది. కల్పిత కథే అయినా, విరామాన్ని నమ్మడం ఎంత కష్టమో చూపడంలో దానికి సాటి లేదని నా అభిప్రాయం.

అన్నిటిలో పేరుపొందినది క్రిస్తియాన్ కారియన్ 2005లో తీసిన జ్వాయో నోయెల్. మన పాఠకులకు ఫ్రెంచి కొత్త కాదు కనుక పేరు విప్పి చెప్పనక్కరలేదు. దర్శకుడు యుద్ధం నడిచిన ఉత్తర ఫ్రాన్సు ప్రాంతంవాడే. ఫ్రెంచి సైన్యం తన స్థలంలో చిత్రీకరణకు ఒప్పుకోకపోతే కందకాలను రొమేనియాలో వేసికొన్నాడు. మూడు దేశాల బడిపిల్లలు పొరుగు దేశాన్ని ద్వేషించమనే పద్యాలు అప్పజెప్పడంతో సినిమా మొదలౌతుంది. ఆ ఒక్క దృశ్యానికే దానిని చూడవచ్చు. శవాలు పూడ్చడాన్ని కూడా అది వదలలేదు.

కాని విరామం పుట్టిన తీరు దగ్గర నాకు పేచీ ఉంది. సినిమాలో ఒక గొప్ప ఒపెరా గాయకుడు చెట్టు చేతబట్టి పాడుతూ నడిచివస్తాడు. అతని ప్రియురాలు కూడా కందకంలోకి వచ్చి పాడుతుంది. ముగ్గురు అధికారులు కూర్చొని ఒప్పందం చేసికొంటారు. వాల్టర్ కిర్ఖోఫ్ అనే బెర్లిన్ గాయకుడు కందకాలలో పాడినమాట నిజమే గనుక దీనిని పూర్తిగా కల్పన అనలేము. ఐనా పెద్ద గొంతు, అందగత్తె లేకపోతే మనుషులు కలవరన్నట్లు కథ నడిచింది. నిజంగా జరిగినదానిలో ముందు నడిచినవారు చాలాచోట్ల మామూలు సైనికులు. అధికారులు వెనుక వచ్చారు. ఇది అద్భుతం కాదు, ఇరుగుపొరుగుతనం. సేనానులను భయపెట్టింది కూడా అదే. గొప్ప గాయకుడు ఏ ఒక్కచోటనో ఉంటాడు, ఇరుగుపొరుగు ప్రతి కందకానికీ ఉంది.

ఈ సినిమాలో నాకు మిగిలిపోయినది పోన్‌షెల్ అనే పాత్ర. అతడు ఫ్రెంచి అధికారికి సేవకుడు. అతని తల్లి జర్మనుల ఆక్రమణలోని పల్లెలో, గంట నడక దూరంలో ఉంది. ప్రతి ఉదయం తల్లితో కలిసి కాఫీ తాగే వేళ జ్ఞాపకముండాలని గడియారం పది గంటలకు మోగేట్లు పెట్టుకొంటాడు. చివరకు జర్మను దుస్తులు వేసికొని వెళ్ళి తల్లిని చూసి తిరిగివస్తుంటే సొంతపక్షంవారే కాల్చుతారు. గడియారం మోగుతుంది. గాయకుడి పాట కంటె ఆ గడియారమే నిజానికి దగ్గర.

పండుగ లేకుండా కూడా కలిశారని చెప్పే సాక్ష్యం మరొకటుంది. పీపాలు చేసే పనివాడైన లూయి బర్తాస్ ఫ్రెంచి సేనలో కార్పొరల్. 1915 డిసెంబరులో, క్రిస్మస్‌కు ఇంకా రెండు వారాలుండగా, నువీల్ సెంట్ వాస్ట్ దగ్గర వానకు ఇరుపక్షాల కందకాలూ నిండి, మునిగిపోకుండా అందరూ పైకి ఎక్కవలసి వచ్చిందనీ, ఎదురెదురుగా నిలబడి కాల్చుకోక చేతులు కలిపారనీ తన నోటుపుస్తకాలలో వ్రాశాడు. ఎప్పటికైనా ఇక్కడ ఒక స్మారకం నిలుస్తుందేమో అని కూడా ఆశపడ్డాడు. ఆ పుస్తకాలు 1978లో అచ్చయ్యాయి. కారియన్ తదితరుల పట్టుదలతో అక్కడ స్మారకం కట్టి 2015 డిసెంబరు 17న అధ్యక్షుడు హోలాండ్ ఆవిష్కరించాడు.

గఢ్వాలీల కథ మాత్రం జ్వాయో నోయెల్ కందకాలలో లేదు. వారు పండుగనాడు నడిచిన ప్రాంతంలోనే, మూడునెలలు తిరగకుండా, 1915 మార్చి 10న నవ్ షాపెల్ యుద్ధం జరిగింది. వారి రెండవ పటాలంలోని గబర్ సింగ్ నేగి ఆనాడు చనిపోయాడు. విక్టోరియా క్రాస్ అతని మరణానంతరం వచ్చింది. చదువులకో ఉద్యోగాలకో ఫ్రాన్సు వెళ్ళే మన పిల్లలు లీల్ నగరంనుండి నవ్ షాపెల్ వెళ్ళి చూడవచ్చు. 1927లో కట్టిన స్మారకం అక్కడ ఉంది. గుండ్రని ప్రహరీ, నడుమ పద్మపు తలకట్టుతో ఎత్తైన స్తంభం, దానికి ఇరువైపులా రాతి పులులు. సమాధి ఎక్కడో తెలియని 4,700 మందికి పైగా హిందూదేశపు సైనికుల పేర్లు గోడమీద చెక్కి ఉన్నాయి. గబర్ సింగ్ పేరు కూడా వాటిలోనే ఉంది.