ఆలుమగల ఆదివారం

మదర్సాలకు వారంలో ఒక్కటే సెలవు, అది శుక్రవారం. గురువారం అస్ర్ నమాజు ముగియగానే పిల్లలు పెట్టెలు సర్దుకుంటారు, శుక్రవారం రాత్రికి తిరిగి వస్తారు. ఆదివారం నాడు లోకమంతా విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు మేము ఎప్పటిలాగే మిష్కాతు పాఠం చెబుతూ ఉంటాము. అందుచేత ఇతరులు ఆదివారం ఏమి చేస్తారన్నది మేము పెద్దగా ఆలోచించిన విషయం కాదు. గడచిన చలికాలంలో ఒక తల్లి మా ఇంటికి వచ్చి, ఆదివారం మీదనే ఫిర్యాదు చేసేవరకు.

ఆమె బందరు ఇనగుదురుపేట వాస్తవ్యురాలు. ఆమె కుమారుడు చిన్ననాడు మా వద్ద నాజిరా ఖుర్ఆన్ చదివాడు. ఇప్పుడు గుడివాడలో ఒక కార్యాలయంలో ఉద్యోగం. వివాహమై మూడేళ్ళు. కోడలిది దివిసీమ. శనివారం సాయంత్రం ఆలుమగలిద్దరూ గుడివాడలో రైలెక్కి బందరు వస్తారు. ఆదివారం ఫజ్ర్ నమాజు కాగానే బూట్లు తొడుక్కుని మోటారు సైకిలు మీద మంగినపూడి దారి పడతారు. అక్కడ దీపస్తంభం వైపు ఇద్దరూ పరుగెత్తుతారు! పరుగు ముగిసిన తర్వాతనైనా ఇంటికి వస్తారా అంటే, కోనేరు సెంటరులో ఏదో ఒక హోటలులో కూర్చుని ఇడ్లీలు, దోసెలు తింటారు. ఆ పైన చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డకో నాగాయలంకకో, స్నేహితుల ఇళ్ళకు. మగ్రిబ్ వేళకు తిరిగివచ్చి, సంచులు తీసుకుని గుడివాడకు ప్రయాణం. రెండు పర్యాయాలు విజయవాడలో జరిగిన పరుగు పందేలలో కూడా పాల్గొన్నారట. రంగు రిబ్బన్లకు కట్టిన పతకాలు గోడకు వేలాడుతున్నాయట.

“మౌల్వీ సాబ్, కోడలు రోడ్డు మీద పరుగెత్తడం మన ఇళ్ళలో ఎక్కడైనా ఉన్నదా? మీరే చెప్పాలి. మీ మాట అయితే వింటాడు” అన్నది ఆ తల్లి.

దాచవలసిన పని లేదు. ఆ క్షణాన మా అభిప్రాయమూ ఆమె అభిప్రాయమే. పిలిపించి మందలిస్తామని మాట ఇచ్చి పంపించాము. అయితే మందలించే ముందు ఆధారం చూసుకోవడం మా గురువులు మాకు నేర్పిన అలవాటు. ఆ రాత్రి ఇషా అనంతరం గ్రంథం తీశాము.

తీసిన తర్వాత చాలాసేపు మూయలేకపోయాము. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) పరుగు వృత్తాంతం తెలియని మౌల్వీ ఉండడు. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) తమ సహచరులను ముందుకు సాగిపొమ్మని చెప్పి, ఆమెతో పరుగు పందెం వేశారు. అప్పుడామె సన్నగా, తేలికగా ఉండేవారు. ఆమే గెలిచారు. కొంతకాలానికి మరో ప్రయాణం. అప్పటికి ఆమె కాస్త ఒళ్ళు చేశారు, మొదటి పందెం సంగతి మరచిపోయారు కూడా. ఆయన (స) మళ్ళీ అనుచరులను ముందుకు పంపి, మళ్ళీ పందెం వేసి, ఈసారి తాము గెలిచారు. నవ్వుతూ, నాటి దానికి ఇది సరి అన్నారు. ఇమామ్ అబూ దావూద్ (రహ్మ) తమ సునన్‌లో ఈ హదీసును జిహాద్ ప్రకరణంలో, కాలినడక పందేల శీర్షిక కింద చేర్చారు. మిష్కాతులోనైతే ఇది నికాహ్ ప్రకరణంలో, భార్యలతో కాపురం చేయవలసిన తీరును తెలిపే అధ్యాయంలో ఉన్నది. ఒకే హదీసును ఒకచోట దేహదారుఢ్యపు పాఠంగానూ, మరోచోట దాంపత్య పాఠంగానూ మన పెద్దలు చదివారన్నమాట.

మేము కూడా ఏటేటా దానిని చదివిస్తూనే ఉన్నాము. పరంపర చెప్పి, కఠిన పదాల అర్థం చెప్పి, తర్వాతి హదీసుకు వెళ్ళిపోతున్నాము. అయిదు నిమిషాలకు మించి మేమెన్నడూ దాని వద్ద ఆగినట్లు జ్ఞాపకం లేదు.

ఇక పందేల విషయం. దైవప్రవక్త (స) కాలంలో పందేలు కొత్త కాదు. తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ వదా వరకు, తర్ఫీదు లేని వాటికి అక్కడి నుండి బనూ జురైఖ్ మస్జిదు వరకు పరుగు పెట్టించారనీ, ఆ పందెంలో తామూ ఉన్నామనీ హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తెలిపారు. హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి) కాలి పరుగులో మేటి. ఒక ప్రయాణంలో అన్సారీ ఒకాయన మదీనా దాకా తనతో పరుగెత్తగల వాడెవడని సవాలు చేయగా, సలమా (రజి) దైవప్రవక్త (స) అనుమతి అడిగి మరీ బరిలోకి దిగి, ఆయనకన్నా ముందు మదీనా చేరుకున్నారు.

ధర్మశాస్త్రం అభ్యంతరం చెప్పేది పరుగుకు కాదు, సొమ్ముకు. పాల్గొన్నవారందరూ తలా కొంత వేసి, గెలిచినవాడు ఆ మొత్తం పట్టుకుపోయే పద్ధతి అయితే అది ఖిమార్, అంటే జూదం. బహుమతి బయటివారు ఇచ్చినట్లయితే అందులో దోషం లేదు. మా శిష్యుణ్ణి పిలిపించి మొదట అడిగినది ఇదే. ప్రవేశ రుసుము మంచినీళ్ళకు, చొక్కాకు, వైద్య ఏర్పాట్లకు సరిపోతుందనీ, గెలిచినవారి బహుమతులు వ్యాపార సంస్థలు ఇస్తాయనీ, తమ గోడ మీదివి అసలు గెలుపు పతకాలే కావనీ, పది కిలోమీటర్లు పూర్తి చేసిన ప్రతివారికీ అవి ఇస్తారనీ అతడు చెప్పాడు. తాము చివరి వరుసలో వచ్చామని అతని భార్య తలుపు చాటు నుండి అందించింది. ఆ అమ్మాయి వదులైన నిలువు దుస్తులతో, తలకు రుమాలుతో, భర్త పక్కనే పరుగెత్తుతుందట. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో సౌదీ అరేబియా అమ్మాయి సారా అత్తార్ అలాగే తల కప్పుకుని 800 మీటర్లు పరుగెత్తి, అందరికన్నా బాగా వెనుకగా చివర వచ్చినా జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారని కూడా ఆ అమ్మాయే చెప్పింది. మాకు తెలియని సంగతి.

మా మాట మేము చెప్పాము. మంగినపూడి దారిలో తెల్లవారుజామున ఆలుమగలు పరుగెత్తడం మీద మాకు ఏ అభ్యంతరమూ లేదు, అది సున్నత్‌కు దగ్గర. వేలమంది స్త్రీపురుషులు కలిసి, చెవులు పగిలే పాటల మధ్య పరుగెత్తే పందెం వేరు. దైవప్రవక్త (స) సహచరులను ముందుకు పంపిన తర్వాతనే పందెం వేశారన్న అంశాన్ని పక్కన పెట్టలేము. ఆ అమ్మాయి వాదించలేదు. తమకు షుగరు వంశంలో ఉన్నదనీ, తల్లికి నలభై ఏళ్ళకే వచ్చిందనీ, ఆ పందేలు లేకపోతే వారమంతా సాధన చేసే పట్టుదల తమకు నిలవదనీ మాత్రం చెప్పింది. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల పాటు ఒళ్ళు వంచే శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన ఇళ్ళలో నలభై దాటిన స్త్రీలలో ఎందరికి అది ఉన్నది? వంటింటి శ్రమ శ్రమ కాదా అని కొందరంటారు. మోకాళ్ళు పట్టేసిన మన అక్కచెల్లెళ్ళను అడిగితే వారే జవాబు చెబుతారు. పందెం సంగతి వారిద్దరి విచక్షణకే వదిలాము. ఇప్పటికీ మా మనసు పూర్తిగా సమాధానపడలేదు, పడినట్లు రాయము.

హోటలు భోజనం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మాంసం విషయంలో హలాల్ అని రూఢి చేసుకోవాలి, వృథా చేయరాదు, అంతే. దివిసీమ వెళ్ళినవారికి రొయ్యల కూర పెట్టకుండా ఎవరూ పంపరు. మన హనఫీ పండితులలో రొయ్యను చేపగా లెక్కించి అనుమతించినవారు ఉన్నారు, వద్దన్నవారూ ఉన్నారు. ఆ చర్చ మా తరగతిలో ప్రతి ఏడాదీ జరుగుతుంది, ప్రతి ఏడాదీ తేలకుండానే ముగుస్తుంది. తొక్కుడు లడ్డు మీద మాత్రం ఇంతవరకు ఏ పండితుడూ భేదాభిప్రాయం ప్రకటించలేదు.

కాని భోజనం మాట వచ్చినప్పుడు మాకు మరో హదీసు తట్టింది. దైవప్రవక్త (స) పొరుగున పారశీకుడొకడు ఉండేవాడు. పులుసు బాగా వండేవాడు. ఒకనాడు వండి ఆయన్ని (స) ఆహ్వానించాడు. ఆయన (స) హజ్రత్ ఆయిషా (రజి) వైపు చూపి, ఈమె కూడానా అని అడిగారు. లేదన్నాడతడు. అయితే నేనూ రానన్నారాయన (స). మళ్ళీ పిలిచాడు, మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. మూడవసారి అతడు సరేనన్నాడు. అప్పుడు ఇద్దరూ ఒకరి వెంట ఒకరు అతని ఇంటికి నడిచి వెళ్ళారు. సహీహ్ ముస్లింలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఇది.

ఈ హదీసు చెప్పి మా శిష్యుణ్ణి అడిగాము. “నాయనా, నీ భార్యను వెంటబెట్టుకుని వెళ్తున్నావు, సంతోషం. కోనేరు సెంటరులో బల్ల ముందు కూర్చున్నప్పుడు ఒక్కసారైనా అమ్మ కూడానా అని అడిగావా?” అతడు తల దించుకున్నాడు. వారం రోజులు కొడుకు కోసం ఎదురుచూసిన తల్లి, ఆదివారం ఉదయం వండిన టిఫిను చల్లారిపోతుంటే ఏమనుకుంటుంది? ఆమె ఫిర్యాదు కోడలి పరుగు మీద అని మేమూ అనుకున్నాము, ఆమె కూడా అనుకున్నది.

స్నేహితుల ఇళ్ళ సంగతి అడిగినప్పుడు మరో విషయం తెలిసింది. వారు తరచుగా వెళ్ళే ఇళ్ళలో ఒకటి నాగాయలంక వైపు ఒక హిందూ రైతు కుటుంబానిది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమ ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 10,000 మందికి పైగా చనిపోయారు. మేమప్పుడు పిల్లలము. బందరులో మా పెద్దలు శవాల గురించి గుసగుసగా మాట్లాడుకోవడం ఇప్పటికీ చెవుల్లో ఉన్నది. ఆ రాత్రి ఈ అమ్మాయి తాతగారి కుటుంబం ఆ రైతు మేడ మీద ప్రాణాలు దక్కించుకున్నది. ఆ రైతు ఇప్పుడు పెద్ద వయసువాడు, మంచంలో ఉన్నాడు. మనుమరాలి వయసు పిల్ల భర్తతో వచ్చి పక్కన కూర్చుని కబుర్లు చెబితే, ఆ రోజు ఒక ముద్ద ఎక్కువ తింటాడట. అత్తగారికి ఈ విషయం తెలియదు. ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

స్నేహితుని ఇంటికి వెళ్ళడం ఎంత పనికివస్తుందో హజ్రత్ సల్మాన్ (రజి) వృత్తాంతంలో ఉన్నది. దైవప్రవక్త (స) ఆయనను, హజ్రత్ అబుద్దర్దా (రజి) గారిని సోదరులుగా చేశారు. ఒకనాడు సల్మాన్ (రజి) తన సోదరుని ఇంటికి వెళ్ళి, ఉమ్ముద్దర్దా (రజి) మాసిన, నాసిరకం బట్టలతో ఉండటం చూశారు. ఏమిటిది అని అడిగారు. మీ సోదరునికి ఈ లోకంతో పని లేదని ఆమె జవాబిచ్చారు. అబుద్దర్దా (రజి) వచ్చి భోజనం పెట్టించి, తాను రోజాలో ఉన్నానన్నారు. నీవు తింటేనే నేను తింటానని సల్మాన్ (రజి) పట్టుబట్టి తినిపించారు. రాత్రి ఆయన నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. మళ్ళీ లేస్తే మళ్ళీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో తానే లేపగా ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు హక్కు ఉన్నది, దేహానికి ఉన్నది, ఇంటివారికి ఉన్నది, ఎవరి హక్కు వారికి ఇవ్వమని హితవు చెప్పారు. సల్మాన్ చెప్పినది నిజమేనని దైవప్రవక్త (స) ధ్రువీకరించారు. మిత్రుడు గడప దాటి లోపలికి రాకపోతే ఆ ఇల్లాలి బట్టలు ఎవరి కంట పడేవి? ఆరాధనలో మునిగిన భర్తకు కనబడనిది అతిథికి కనబడింది.

ఆ దంపతులు వెళ్ళిపోయారు. తర్వాతి వారాలలో ఆ తల్లిని కూడా హోటలుకు తీసుకువెళ్ళారట. సాంబారు తియ్యగా ఉన్నదని ఆమె సర్వరుతో తగవు పెట్టుకున్నదని, అయినా మరుసటి ఆదివారం తానే ముందుగా తయారై కూర్చున్నదని తెలిసింది. నాగాయలంకకు కూడా ఒకమారు వెళ్ళి, ఆ వృద్ధుని కోసం లడ్డూలు పట్టుకెళ్ళిందట.

మా ఇంట్లో సంగతి మిగిలింది. మాట్లాడినదంతా మా ఇల్లాలు పరదా అవతల నుండి విన్నది. రాత్రి అన్నం వడ్డిస్తూ, “ఆ పరుగు హదీసు మీరు ఎన్నేళ్ళుగా చెబుతున్నారు?” అని అడిగింది. లెక్కవేసి, 27 ఏళ్ళు అన్నాము. ఆమె ఊఁ అని ఊరుకుని పెరుగు తీసుకురావడానికి లోపలికి వెళ్ళింది.

బందరు నుండి మంగినపూడి సముద్రానికి పదకొండు కిలోమీటర్లు. ఆమె అక్కడికి చివరిసారి వెళ్ళినది మా పెద్దబ్బాయి బడిలో ఉన్నప్పుడు, అదీ పుట్టింటివారితో. మేము ఏదో సభలో ప్రసంగానికి వెళ్ళాము. ఆ ప్రసంగ విషయం మాకు ఇప్పుడు గుర్తు లేదు.

శుక్రవారం ఫజ్ర్ తర్వాత ఆటో పిలిచాము. ఆమె నమ్మలేదు, ఎవరి జనాజాకు అని అడిగింది. ఒడ్డున నల్లని ఇసుకలో చెప్పులు చేతబట్టుకుని మెల్లగా నడిచాము. ఆమెకు మోకాళ్ళ నొప్పి, మాకు ఆయాసం, కాబట్టి పందెం మాట రాలేదు. పూర్వం గోల్కొండ నవాబుల నాడు హజ్ యాత్రికులు ఈ రేవు నుండే ఓడలెక్కేవారట, నిజమేనా అని అడిగింది. నిజమే, కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడి ఓడలు అరేబియా రేవుల దాకా వెళ్ళేవని చెప్పాము. ఎటువైపు నుండి వెళ్ళేవి అంటే దక్షిణంగా చేయి చూపించాము. ఆమె అటే చూస్తూ కొంతసేపు నిలబడింది. తర్వాత, జుముఆకు మీకు ఆలస్యమవుతుందని చెప్పి ఆటో వైపు తిరిగి నడక సాగించింది. మేము చెప్పులు వేసుకుని తలెత్తేసరికి ఇరవై అడుగులు ముందున్నది.