‘ఫేక్’ ముద్ర వేసేవాళ్లకు జీతం ఎవరిస్తున్నారు?

2020 డిసెంబరులో ఇంటెలిజెన్స్ బ్యూరో ఉద్యోగాల ప్రకటన ఒకటి వచ్చింది. కేంద్ర ప్రభుత్వానికి చెందిన పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం దాని మీద ‘ఫేక్’ అని ముద్ర కొట్టింది. తీరా చూస్తే ప్రకటన అసలుదే. సర్కారు ఇచ్చిన ప్రకటనను సర్కారే అబద్ధం అందన్నమాట. నవ్వొచ్చే సంగతే గానీ, ఆ ముద్ర నమ్మి దరఖాస్తు పెట్టకుండా ఊరుకున్న కుర్రాడెవరైనా ఉంటే అతనికి నవ్వు రాదు.

వన్ టౌన్‌లో ఇస్లాంపేట, పంజా సెంటర్ ఇళ్లలో ఏ ఫోన్ తెరిచినా ఇలాంటి ఎర్ర ముద్రలు కనపడతాయి. ముద్ర పడగానే ఇక మాట్లాడేది లేదనుకుంటాం. కానీ అది వేసిందెవరు, వాళ్లకు డబ్బు ఎవరిస్తున్నారు, ముద్ర పడ్డ వార్త ఏమవుతుంది? ఇవి అడక్కపోతే నష్టం మనకే.

ఫ్యాక్ట్ చెక్ వద్దనే మాట మనం అనలేం. 2020 మార్చి, ఏప్రిల్ నెలలు గుర్తున్నాయి కదా. నిజాముద్దీన్ మర్కజ్ పేరుతో దేశమంతా మనవాళ్లను వేలెత్తి చూపిన రోజులవి. పోలీసు మీద ఉమ్మేసిన వీడియో ఒకటి తిరిగింది. అది మర్కజ్‌కు సంబంధమే లేని, ముంబైలో అంతకుముందే జరిగిన ఓ విచారణ ఖైదీ గొడవ. బోహ్రాలు అన్నం మెతుకు వృథా కాకూడదని పళ్లేలు నాకి శుభ్రం చేసే పాత వీడియోను కరోనా అంటించే కుట్ర అన్నారు. ఈ నిజాలు బయటపెట్టింది ఆల్ట్ న్యూస్ లాంటి సంస్థలు. ఇందులో ప్రభుత్వం వైపు నుంచి కూడా మేలు జరిగింది. ఫిరోజాబాద్‌లో వైద్య సిబ్బంది మీద రాళ్లు వేశారని ఒక టీవీ చానల్ చెబితే, అక్కడి పోలీసులే ట్విట్టర్‌లో అది అబద్ధమని, తీసెయ్యమని రాశారు. ఆ రోజుల ప్రసారాల మీద జమియత్ ఉలమా-ఎ-హింద్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 సెప్టెంబరులో విచారణ జరిగినప్పుడు, మన పొన్నవరం నుంచి వెళ్లిన చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ, కొన్ని చానళ్లు ప్రతిదానికీ మతం రంగు పూస్తున్నాయని, దేశానికే చెడ్డపేరు వస్తుందని అన్నారు.

మరి సర్కారు ఫ్యాక్ట్ చెక్‌తో చిక్కెక్కడ? ఫిరోజాబాద్ పోలీసులు జవాబు చెప్పి ఊరుకున్నారు. జవాబు చెప్పడం వేరు, నోరు మూయించడం వేరు.

మన రాష్ట్రమే చూడండి. 2019 అక్టోబరులో వచ్చిన 2430 నంబరు జీవో, తప్పుడు వార్తల మీద ఖండన ఇవ్వడానికే కాదు, కేసులు పెట్టడానికి కూడా శాఖల కార్యదర్శులకు అధికారం ఇచ్చింది. పాత్రికేయ సంఘాలు గట్టిగానే నిరసన తెలిపాయి. 2021 మార్చిలో తాడేపల్లి నుంచి అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ వెబ్‌సైటు ప్రారంభించారు. తర్వాత కేంద్రం ఇంకో అడుగు ముందుకేసింది. 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలు మార్చి, కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల గురించి ఏది ఫేకో తన విభాగమే తేలుస్తుందని చెప్పింది. ఆ ముద్ర పడ్డ పోస్టును ఉంచుకుంటే ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటి కంపెనీలకు చట్టం ఇచ్చే రక్షణ పోతుంది. అంటే ఎవరో పెట్టిన పోస్టుకు కంపెనీ కోర్టుకెక్కాలి. ఏ కంపెనీ మన కోసం ఆ తలనొప్పి పెట్టుకుంటుంది? టక్కున తీసేస్తుంది.

కమెడియన్ కునాల్ కామ్రా, ఎడిటర్స్ గిల్డ్ తదితరులు బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. 2024 జనవరిలో ఇద్దరు జడ్జిలు చెరో మాట చెప్పారు. జస్టిస్ గౌతమ్ పటేల్ కొట్టేస్తే, జస్టిస్ నీలా గోఖలే సమర్థించారు. మార్చి 20న కేంద్రం పీఐబీకి ఆ అధికారం కట్టబెట్టింది, మర్నాడే సుప్రీంకోర్టు ఆపేసింది. సెప్టెంబరు 20న మూడో జడ్జి ఎ.ఎస్. చందూర్కర్ ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. ‘ఫేక్’, ‘తప్పుదోవ పట్టించేది’ అనే మాటలకు హద్దే లేదు. పేపర్లో అచ్చయితే ఏమీ కాని వార్త ఫోన్లోకొస్తే నేరమెలా అవుతుంది? పైగా తన మీద వచ్చిన వార్తకు తానే తీర్పరి. వాది, జడ్జి ఒకరే అయితే దాన్ని పంచాయితీ అనరు. పీఐబీ ముద్రలు ఇప్పటికీ వస్తున్నాయి, కాకపోతే అవి ప్రభుత్వం చెప్పుకునే జవాబులు మాత్రమే.

ప్రైవేటువాళ్లయితే అంతా సవ్యమేనా? అదీ కాదు. ఫేస్‌బుక్ యజమాని మెటా చాలా సంస్థలకు ఫ్యాక్ట్ చెక్ కోసం డబ్బిస్తుంది. 2025 జనవరిలో అమెరికాలో ఆ పథకం ఆపేస్తున్నామని ఒక్క ప్రకటనతో చెప్పేసింది. అమెరికాలోనే న్యూస్‌గార్డ్ అనే కంపెనీ వార్తా సైట్లకు 100కు ఇన్ని మార్కులని వేస్తుంది. ఇలాంటి సంస్థలకు విదేశాంగ శాఖ డబ్బు వెళ్తోందని, దానివల్ల తమకు ప్రకటనలు తగ్గిపోతున్నాయని రెండు మితవాద సైట్లు, టెక్సాస్ రాష్ట్రం కలిసి 2023 డిసెంబరులో దావా వేశాయి. వాళ్ల రాతలు మనకు నచ్చకపోవచ్చు, ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

సర్కారు డబ్బు వార్తల్లోకి వచ్చే దారి ఇదొక్కటే కాదు. 2022లో మన రాష్ట్రంలో వాలంటీర్లకు పేపరు కొనుక్కోమని నెలకు 200 రూపాయలు ఇచ్చారు. అది సాక్షి కోసమేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు పంపింది. ఏ పార్టీ కుర్చీలో ఉన్నా ప్రకటనల డబ్బు ఎటు పారుతుందో పాఠకుడు ఓ కంట చూస్తూనే ఉండాలి.

హదీసు పండితులు ఒక రావీని జయీఫ్ అన్నప్పుడు, ఎందుకన్నారో కారణాలూ రాసిపెట్టారు. తర్వాతివాళ్లు వాటిని ఒప్పుకున్నారు, కాదన్నారు కూడా. ఫ్యాక్ట్ చెక్ చదివేటప్పుడూ అదే చూడండి: అసలు వీడియో ఎప్పటిది, ఎక్కడిది, పత్రం ఏది అన్నవి చూపించారా? తమకు డబ్బెవరిస్తారో సైటులో రాశారా? హైదరాబాద్ నుంచి ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులోనే ఆధారాలతో రాస్తున్నాయి. కారణం లేకుండా ఎర్ర ముద్ర మాత్రమే వచ్చిందా, దాన్నీ ఇంకో ఫార్వర్డ్ కిందే లెక్కెయ్యండి.