ఇంట్లో ఉన్నా వడదెబ్బ తగులుతుంది – మీ పైకప్పును చూసుకోండి



వేసవిలో ఎమర్జెన్సీ వార్డుకు వచ్చే వడదెబ్బ రోగులందరూ పొలంలోనో, రోడ్డు పనిలోనో పడిపోయినవారు కాదు. ఇంట్లో మంచం మీద ఉన్న ముసలివారిని కూడా ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ ఉండగా తీసుకొస్తారు. "సిస్టర్ గారూ, మా అమ్మ గడప కూడా దాటలేదండీ, వడదెబ్బ ఎలా తగిలింది?" అని పిల్లలు అడుగుతారు. "మీ ఇంటికి పైకప్పు ఏమిటి?" అని నేను అడుగుతాను. రేకులనో, మేడ పై అంతస్తనో చాలామంది చెబుతారు.

2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండలోకి వెళ్ళవద్దని అందరం చెబుతాము. ఇల్లే పొయ్యిలా ఉంటే ఎక్కడికి వెళ్ళాలి?

కప్పు చేసే పని

ఎండ నేరుగా పడేది పైకప్పు మీద. రేకు త్వరగా కాలి, మధ్యాహ్నం వేడిని కింద ఉన్నవారి మీదికి దింపుతుంది. కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని దాచుకుని రాత్రి వదులుతుంది. రాత్రి చల్లబడితేనే శరీరం, గుండె తేరుకుంటాయి. రాత్రి కూడా వేడిగానే ఉంటే రోజురోజుకూ నీరసం పెరిగి ఒకనాడు మనిషి పడిపోతాడు. ముసలివారికి దాహం సరిగా తెలియదు, చెమట కూడా తక్కువ పడుతుంది. అందుకే ముందు వారికే ప్రమాదం.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. పెంకుటింటికి అటక ఉండేది. పెంకుల వేడి అటకలోని గాలి దగ్గరే ఆగేది. రాయలసీమలో మిద్దెల మీద మందంగా మట్టి పరిచేవారు. తాటాకు ఇంట్లో చల్లదనం చెప్పనక్కరలేదు. స్లాబులు, రేకులు వచ్చాక ఆ అడ్డు పోయింది. దానిని మళ్ళీ పెట్టుకోవాలి.

ఏమి చేయవచ్చు?

1. స్లాబుకు తెల్ల సున్నం: స్లాబు శుభ్రంగా కడిగి, పగుళ్ళు పూడ్చి, కొంచెం జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేయండి. తెలుపు ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది. లోపల వేడి రెండు నుంచి ఐదు డిగ్రీల వరకు తగ్గవచ్చు. వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా మార్చిలోపు వేయాలి. కూల్ రూఫ్ పెయింటు ఖరీదు ఎక్కువైనా కొన్నేళ్ళు నిలుస్తుంది.

2. రేకులకు నీడ: రేకులకు కొంచెం ఎత్తున వెదురు బొంగులు కట్టి గ్రీన్ నెట్ గానీ కొబ్బరాకు తడికలు గానీ పరవండి. బీర, సొర పాదులు పాకించినా మంచిదే.

3. లోపల సీలింగు: కప్పుకు, సీలింగుకు మధ్య ఖాళీ ఉంచి, వేడిగాలి పోవడానికి రెండు పక్కలా కన్నాలు వదలండి. అటక ఉన్నవారు దానిని సామానుతో కుక్కి ఆ కన్నాలు మూసేయకండి.

4. ఏసీ ఉన్నవారు: కప్పు కాలుతూ ఉంటే ఏసీ పగలూ రాత్రీ కష్టపడుతుంది. కప్పు సరిచేసుకుంటే 26 డిగ్రీల దగ్గర పెట్టుకున్నా హాయిగా ఉంటుంది. పెంచిన ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలంలో కట్టే ఇళ్ళకు అది తప్పనిసరి. చిన్న ఇళ్ళవారిది స్వంత ఇష్టం. కానీ దీని అవసరం ఎక్కువగా ఉన్నది చిన్న రేకుల ఇళ్ళకే.

ఈ జాగ్రత్తలు మరువకండి

• సిమెంటు రేకుల మీద కాలు పెట్టకండి. విరిగి కిందపడితే నడుము, తల పగులుతాయి.
• చాలా సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని గీకడం, కోయడం, కన్నాలు చేయడం వద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడు చేస్తుంది.
• సున్నం నానేటప్పుడు మరుగుతుంది. పిల్లలను దూరంగా ఉంచండి. కంట్లో పడితే నలపకుండా వెంటనే ధారగా నీళ్ళు పోస్తూ కనీసం 20 నిమిషాలు కడిగి ఆసుపత్రికి రండి.
• రేకుల కింద థర్మాకోల్ విడిగా అతికించకండి. వైర్ల నుండి నిప్పు అంటుకుంటే విషపు పొగ వస్తుంది. తడికలను కూడా పొయ్యికి దూరంగా ఉంచండి.

అయినా వడదెబ్బ తగిలితే

ఒళ్ళు బాగా కాలుతూ, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేలోపు నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ లేనివారికి నోట్లో నీళ్ళు పోయకండి. గది వేడి 40 డిగ్రీలు దాటితే పొడి ఒంటికి ఫ్యాను ఒక్కటే చాలదు. ఆ గాలి వేడిని పెంచుతుంది. తడి గుడ్డతో ఒళ్ళు తుడుస్తూ ఉండాలి. బి.పి. మాత్రలు వాడే పెద్దవారు వేసవికి ముందే డాక్టరుగారిని అడగాలి. సొంతంగా మాత్రలు ఆపవద్దు.

ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు మీ అమ్మగారు, నాన్నగారు పడుకునే చోట పది నిమిషాలు పడుకుని చూడండి. మీరే ఉండలేకపోతే వారి మంచం ఈ రోజే చల్లని గదిలోకి మార్చండి. ఈ ఆదివారం కప్పు పని మొదలుపెట్టండి. పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలివారి కప్పుకు కూడా రెండు చేతుల సాయం చేయండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్