చిట్టెలుకకు టైఫాయిడ్ రాదు.. మరి పరిశోధన ఎలా?

వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే అనంతపురం పల్లెల్లో, నీళ్లు కలుషితమైతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్! ఈ బ్యాక్టీరియా పేగుల్లో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి పరిశోధకులు జంతువులపై ప్రయోగాలు చేస్తారు. అయితే ఏ జబ్బుకు ఏ జంతువన్నదే అసలు చిక్కు.

కలరా సంగతే చూడండి. కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్ డే కుందేలు పేగులో కొంత భాగాన్ని రెండు వైపులా కట్టి, బ్యాక్టీరియాను వడకట్టేసిన ద్రవాన్ని అందులోకి ఎక్కించారు. క్రిమి లేకున్నా పేగు నీటితో ఉబ్బింది. విరేచనాలకు కారణం అది వదిలే విషమని 1959లో అలా తేలింది.

టైఫాయిడ్ అంత తేలిగ్గా లొంగలేదు. సాల్మొనెల్లా టైఫీ మనుషులకే జబ్బు తెస్తుంది. అందుకే దాని దాయాది టైఫిమ్యూరియంను చిట్టెలుకలకు ఇచ్చి పరిశీలిస్తారు. ఆ ఫలితం మనిషికి ఎంతవరకు వర్తిస్తుందన్నది జాగ్రత్తగా తేల్చుకోవాలి.

మీకూ ఆసక్తి ఉందా? మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, వెటర్నరీ సైన్స్.. ఏ దారిలోనైనా రావొచ్చు. ప్రయోగశాల జంతువుల సంరక్షణలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శిక్షణ ఇస్తుంది. స్టాటిస్టిక్స్‌నూ వదలొద్దు. ఈ జంతువే ఎందుకు, ఎన్ని కావాలి, నొప్పి ఎలా తగ్గిస్తారు? వీటికి జవాబు చెప్పందే ఎథిక్స్ కమిటీ అనుమతి రాదు మరి!