కుర్చీ బలం అడుగునే

అమెరికా సరస్సుల్లో సరదాగా చేపల వేటకు తిరిగే పడవల్లో కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది, ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ సుఖమంతా నిలిచేది ఒకే ఒక్క గొట్టం మీద. అది ఎంత పొడవైతే, అల తాకినప్పుడు మనిషి బరువు దాని మొదలును అంత బలంగా పెకలిస్తుంది. పలుచటి ఫైబర్‌గ్లాస్‌లో దిగిన స్క్రూలు ఆ కుదుపులకు వదులై ఊడివస్తాయి. అందుకే డెక్ కిందికి దిగే బోల్టులు వేసి, అడుగున లోహపు పలక పెట్టి నట్లు బిగించాలి.

ఎంత బిగించినా, ఎత్తు కుర్చీలపై 'గంటకు 5 మైళ్లు దాటితే కూర్చోవద్దు' అన్న హెచ్చరిక మామూలే. వేగంలో ఎగిరి నీళ్లలో పడితే సొంత పడవ ప్రొపెల్లరే ప్రాణం తీయవచ్చు. నడిపేవారు పడిపోతే ఇంజన్‌ను ఆపే స్విచ్ ఉన్న 26 అడుగుల లోపు పడవల్లో, దాన్ని వాడటం 2021 ఏప్రిల్ నుంచి అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం తప్పనిసరి. కానీ ఆ స్విచ్ తాడు ఉండేది నడిపేవారి ఒంటికే. ముందు కుర్చీలోని వారికి దిక్కు ఆ బోల్టులే, ఆ హెచ్చరికే.