సేనాపతి గారూ, బస్సు కాస్త ఆపండి!

తాడేపల్లి వాళ్లకి ఉండవల్లి గుహలో హాయిగా పడుకున్న అనంతపద్మనాభస్వామి బాగా తెలుసు. ఆయన్ని లేపకుండా, చప్పుడు చేయకుండా, కునుకు తీయడానికి వీల్లేని ఉద్యోగం ఒకటుంది, దాని సంగతి చూద్దాం. సేనాపతి ఉద్యోగం! సిద్ధమేనా?

మీకు తెలుసా? మన దేశంలో త్రివిధ దళాల సర్వసేనాధిపతి తుపాకీ పట్టక్కర్లేదు, యూనిఫాం వేసుకోనక్కర్లేదు. రాజ్యాంగం 53వ అధికరణం ఆ హోదాని రాష్ట్రపతికి ఇచ్చింది. సెల్యూట్లు అందుకుంటే చాలు!

మరి తెలుగువాళ్లలో ఆ హోదా ఎంతమందికి దక్కిందో తెలుసా? ముగ్గురికి. సర్వేపల్లి రాధాకృష్ణన్ పాఠాలు చెప్పిన మాస్టారు. వి.వి. గిరి కార్మిక సంఘాల నాయకుడు. నీలం సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరు రైతుబిడ్డ. 1971లో ఢాకాలో పాక్ సైన్యం చేతులెత్తేసినప్పుడు రాష్ట్రపతి గిరిగారే. సమ్మెలు నడిపిన మనిషికి యుద్ధం ఒక లెక్కా!

ఇప్పుడు అసలు బాంబు. 1981 జూన్, జులై, ఆగస్టు. ఈ మూడు నెలల ప్రత్యేకత మీకు తెలుసా? రాష్ట్రపతి సంజీవరెడ్డి. జూన్ 1న సైన్యాధ్యక్షుడైంది జనరల్ కె.వి. కృష్ణారావు, ఆ కుర్చీ ఎక్కిన మొదటి తెలుగువాడు. వాయుసేనాధిపతి ఇద్రిస్ హసన్ లతీఫ్, పుట్టింది హైదరాబాద్‌లో. నేల మనదే, గాలి మనదే, పైన సంతకమూ మనదే! ఆగస్టు 31న లతీఫ్ రిటైరయ్యారు, జట్టు చెదిరింది. నౌకాదళం కూడా మనవాళ్ల చేతిలో ఉండుంటే ఢిల్లీలో గోంగూర కరువొచ్చేది.

ఈ కృష్ణారావుగారే ఆ 1971 యుద్ధంలో సిల్హెట్‌ను పట్టుకున్న డివిజన్‌కు అధిపతి. రిటైరయ్యాక ఇంట్లో కూర్చున్నారా? నాగాలాండ్, మణిపూర్, త్రిపుర... మూడు రాష్ట్రాలకి గవర్నర్! ఆ పైన జమ్మూ కాశ్మీర్‌కి, అదీ రెండుసార్లు. మనం ఒక్క అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీగా ఏడాది నెగ్గుకురాలేం.

నౌకాదళం అన్నాం కదా. స్వాతంత్ర్యం వచ్చాక దాదాపు 11 ఏళ్లపాటు మన నేవీని ఇంగ్లీషు దొరలే నడిపారని తెలుసా? 1958 ఏప్రిల్ 22న ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు రామ్‌దాస్ కటారి. చెంగల్పట్టులో పుట్టిన మనిషి. మన మొదటి విమానవాహక నౌక విక్రాంత్ 1961లో బొంబాయి చేరింది ఆయన హయాంలోనే. మరి పదవి దిగాక ఆయన ఏం నడిపారు? ఊహించండి. ఊహూఁ, అది కాదు. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ! అవును, ఎర్రబస్సుల సంస్థకి ఛైర్మన్. సముద్రంలో తుపాను తట్టుకున్న మనిషి పండగ సీజన్ బస్టాండుని తట్టుకున్నారు. ఏది కష్టమో నన్నడక్కండి.

సరే, పాతకాలానికి పోదాం. గుంటూరు నుంచి పొన్నూరు దారిలో చేబ్రోలు. చేబ్రోలు అనగానే కోనేట్లో చతుర్ముఖ బ్రహ్మ గుడి గుర్తొస్తుంది కదూ? అక్కడే 1213 నాటి శాసనం ఒకటుంది, జాయప వేయించింది. కాకతి గణపతిదేవుడి ఏనుగుల దళానికి అధిపతి ఆయన. ఆయన ఇద్దరు అక్కచెల్లెళ్లనీ రాజే పెళ్లాడాడు కాబట్టి రాజుగారికి బావమరిది కూడా. మరి ఈ ఏనుగుల సేనాని రాసిన పుస్తకం దేని మీదో తెలుసా? యుద్ధతంత్రమా? గజవైద్యమా? కాదండీ, నాట్యం! పేరు ‘నృత్తరత్నావళి’, ఎనిమిది అధ్యాయాలు. పాదం ఎక్కడ వేయాలో, చెయ్యి ఎటు తిప్పాలో, మెడ ఎంత వంచాలో. కోలాటాన్నీ వదల్లేదు. పగలంతా ఏనుగుల అడుగులు చూసినవాడికి మనుషుల అడుగులు ముచ్చటేసి ఉంటాయి.

అదే 1213లో, ఓరుగల్లు వైపు, ఇంకో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు ఒక గుడి కట్టించాడు. రుద్రుడి గుడి అంటే ఎవరికైనా తెలుసా? తెలీదు. రామప్ప గుడి అంటే? అందరికీ తెలుసు! రామప్ప శిల్పి పేరని చెబుతారు. డబ్బులిచ్చిన సేనాపతి పక్కకి, ఉలి పట్టినవాడు బోర్డు మీదికి. 2021లో యునెస్కో మాత్రం ‘కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) గుడి’ అని గుర్తించింది, రామప్ప పేరు బ్రాకెట్లోకి పోయింది పాపం.

ఇద్దరు సేనానుల కథ అక్కడితో ఆగిందా? 700 ఏళ్లు దాటాక నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ వచ్చారు. ఒక చేత్తో జాయప పుస్తకం, ఇంకో చేత్తో రామప్ప గుడి శిల్పాలు. రెండూ కలిపి, మరుగునపడిన పేరిణి నృత్యాన్ని మళ్లీ లేపారు. యుద్ధానికి వెళ్లే వీరుల నృత్యమట అది. సేనాపతులు చచ్చినా డ్యూటీ దిగలేదు!

పల్నాడులో మరో విడ్డూరం. వీరగాథ ప్రకారం బ్రహ్మనాయుడి సేనకు నాయకుడెవరో తెలుసా? దళితుడైన కన్నమదాసు! 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం చూడండి అది. కారంపూడిలో ఇప్పటికీ కార్తీక అమావాస్యకి ఆ వీరుల ఆయుధాలకి పూజ చేస్తారు. ఉత్సవం అయిదు రోజులు. అందులో ఒక రోజు పేరు ‘కోడిపోరు’. ఆ యుద్ధం కన్నా ముందు పందెంలో కోడే దూకిందిగా మరి.

‘దళవాయి’ అంటే ఏమిటో తెలుసా? విజయనగర కాలంలో సేనాపతి బిరుదు. ఇప్పుడది ఇంటిపేరు. 2020 పద్మశ్రీ అందుకున్న నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు. ఆయన చేతికింద రాముడూ, రావణుడూ, రెండు సైన్యాలూ తోలుతోనే తయారు. తిండి అడగని సైన్యం, జీతం అడగని సైన్యం!

చివరిగా ఒక్కటి. సేనాపతి పోస్టే లేని దేశం మీకు తెలుసా? కోస్టారికా. 1948లో సైన్యాన్నే రద్దు చేసి పారేసింది. పోనీలెండి, అక్కడ రిటైరైన నేవీ దొరకి ఆర్టీసీ వెతికిపెట్టే బాధ లేదు.